తల్లి సంతకం చెల్లదా?

"సోమవారం పొద్దున పదకొండు గంటలకు ఒరిజినల్స్‌తో, రెండు సెట్ల జిరాక్సులతో రావాలి. ఒక్క కాగితం తక్కువైనా ఫారం తీసుకోం."

2023లో మా అమ్మాయి డిగ్రీలో చేరినప్పుడు స్కాలర్‌షిప్ కోసం కాలేజీ వాళ్లు చేతిలో పెట్టిన చీటీ మీద ఉన్న మాటలివి. కింద వరుసగా పదకొండు పేర్లు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఏడేళ్ల బోనఫైడ్లు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, సీటు వచ్చినట్టు కాగితం, ఫోటోలు. చీటీ ఇచ్చింది శనివారం నాడు. చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు. అందులో రెండు ఆదివారాలు.

ఆ తొమ్మిది రోజుల్లో నేనేం చేశానో ఇంతవరకు సంఘం మీటింగుల్లో కూడా పూర్తిగా చెప్పలేదు. సిగ్గుపడ్డాను. ఇతర ఆడవాళ్లకు ధైర్యం చెప్పేదాన్ని, నేనే లొంగిపోయానని చెప్పుకోవడం తేలిక కాదు. ఇప్పుడు రాస్తున్నానంటే, నాలాగే లొంగినవాళ్లు ఎందరో ప్రతి జూలైలో నా మిషను పక్కన కూర్చుని ఏడవడం చూశాక, ఇది ఒకరిద్దరి పిరికితనం వల్ల జరిగేది కాదని అర్థమై రాస్తున్నాను.

మాది నార్కట్‌పల్లి. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద, అద్దంకి రోడ్డు చీలే చోట ఉంటుంది. చెర్వుగట్టు జాతరకు పోయేవాళ్లకీ, డిపోలో బస్సు మారేవాళ్లకీ మా ఊరు తెలుసు. నేను మిషను కుడతాను, మహిళా సంఘంలో పనిచేస్తాను. మేం బీసీలం, నేతపని వాళ్లం. మా జిల్లా నుంచి భివండికి, షోలాపూరుకు, సూరత్‌కు సాంచెల పనికి పోయినవాళ్లు వాడకు పదిమంది ఉంటారు. నా భర్త కూడా భివండి పోయాడు. మొదట్లో డబ్బు పంపాడు, తరువాత ఉత్తరం, తరువాత ఏదీ లేదు. అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడని వచ్చిపోయేవాళ్లు చెప్పారు. విడాకులు కాలేదు. కోర్టుకు పోతే నెలకు 3,000 రూపాయలు మెయింటెనెన్సు ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. ఏడాదిపాటు ఒక్క రూపాయి రాలేదు. ఆ 36,000 వసూలు చేసిపెట్టమని మళ్లీ పిటిషన్ వేశాను. మా అమ్మాయికి డిగ్రీ సీటు వచ్చేనాటికి ఆ పిటిషన్ నడుస్తోంది.

పదకొండు కాగితాల్లో పది నాలుగు రోజుల్లో సిద్ధమయ్యాయి. మిగిలింది ఆదాయం సర్టిఫికెట్. బీసీ పిల్లలకు స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే పల్లెల్లో తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి లక్షన్నర లోపు ఉండాలి. అంటే నెలకు 12,500. మిషను మీద నాకు ఆ సగం వచ్చిన నెల పండుగ నెలే. కనుక ఇందులో కష్టమేముంటుందనుకున్నాను. మీసేవలో దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకుని, విచారణ కోసం ఆఫీసుకు పోయాను. ఏ ఆఫీసో రాయను. ఆ ఒక్క ఆఫీసు మీద కోపం తీర్చుకోవడం నా ఉద్దేశం కాదు.

"మీ ఆయన యేడున్నడమ్మా?" అన్నాడు గిర్దావర్.

చెప్పాను.

"విడాకుల కాగితం ఉన్నదా?"

లేదన్నాను.

"మరి ఆయన ఆదాయం ఎంతో మాకెట్ల తెలుస్తది? ఆయన ఆధార్ జిరాక్సు, సంతకం తే. లేకపోతే ఆయనను తోల్కరా. గట్ల ఉత్తగ ఎట్ల ఇస్తం?"

ఆయన దురుసుగా మాట్లాడలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు కూడా. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిడితే తిరిగి తిట్టేదాన్ని. మొగుడు లేకుండా ఇంటి ఆదాయం అనేదొకటి ఉంటుందని ఆయనకు నిజంగానే తోచలేదు.

మూడు రోజులు తిరిగాను. శుక్రవారం రాత్రి భివండికి ఫోన్ చేశాను. ఆరేళ్ల తరువాత ఆ గొంతు విన్నాను. ఆధార్ ఫోటో, సంతకం పెట్టిన కాగితం ఫోన్‌లో పంపమన్నాను. బిడ్డ చదువు కదా అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "కోర్టుల ఏసిన కేసు వాపసు తీస్కో. రేపే పంపిస్త" అన్నాడు.

మా అమ్మాయి పక్కనే ఉంది. "వద్దమ్మా, నేను సదువు బంద్ జేస్త" అంది. ఆ మాట విన్నాక నాకు ఇంకేం తోచలేదు. శనివారం వకీలుకు ఫోన్ చేసి పిటిషన్ నడపనని చెప్పాను. సంతకం వచ్చింది. సర్టిఫికెట్ వచ్చింది. సోమవారం పదకొండు గంటలకు పదకొండు కాగితాలు బల్ల మీద పెట్టాను. గుమాస్తా అరనిమిషం తిరగేసి, టిక్కులు పెట్టి, పక్కన పడేశాడు.

ఆ ఏడాది మా అమ్మాయి ఫీజు 36,000 కన్నా తక్కువ.

స్కాలర్‌షిప్‌లో రెండు భాగాలుంటాయని ఈ పత్రిక చదివేవాళ్లకు తెలుసు. ఒకటి కాలేజీకి పోయే ఫీజు. రెండోది విద్యార్థి ఖాతాలో పడే తిండి ఖర్చు. ఆ రెండోదానికి ప్రభుత్వం పెట్టిన పేరు మెయింటెనెన్సు. కోర్టు నాకిచ్చినదాని పేరూ మెయింటెనెన్సే. బిడ్డ మెయింటెనెన్సు కోసం తల్లి మెయింటెనెన్సును వదులుకోమని నన్ను అడిగింది నా భర్తే. కానీ ఆయన చేతికి ఆ అవకాశం ఇచ్చిందెవరు? ఆరేళ్లు ఈ ఇంటి మొహం చూడని మనిషిని, నా బిడ్డ చదువు సాగాలో వద్దో తేల్చే మనిషిగా నిలబెట్టింది ఎవరు? ఒక ఆఫీసు అలవాటు నిలబెట్టింది. 'తల్లిదండ్రుల ఆదాయం' అని ఫారంలో ఉన్న మాటను 'తండ్రి ఆదాయం' అని చదువుకునే అలవాటు అది.

ఇంకో విచిత్రం చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్ నుంచి ఒంటరి మహిళలకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టింది. 2019లో దాన్ని 2,016 రూపాయలు చేసింది. భర్త విడిచిపెట్టిన ఆడదాన్నని విచారణ జరిపి, ఒప్పుకుని, నాకు ఆ పింఛను ఇస్తున్నది ఈ ప్రభుత్వమే. 2013 నాటి ఆహార భద్రత చట్టం 13వ సెక్షన్ ప్రకారం రేషన్ కార్డు విషయంలో ఇంటి యజమాని ఆ ఇంట్లో 18 ఏళ్లు దాటిన పెద్ద ఆడమనిషి. అంటే బియ్యం దగ్గర నేను ఇంటి యజమానిని. పింఛను దగ్గర ఒంటరి మహిళను. బిడ్డ చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఫలానావాడి భార్యను. ఒకే ప్రభుత్వం, ఒకే ఆధార్ నంబరు, ఒకే ఆడది. మూడు బల్లల దగ్గర మూడు రకాలు. ఏ బల్ల దగ్గర ఏది మనకు నష్టమో ఆ బల్ల దగ్గర అదే నిజమవుతుంది.

మా అమ్మాయి సంగతి ఇంకా విడ్డూరం. ఆ జూన్‌కే ఆమెకు 18 నిండాయి. 2023 నవంబరు 30న శాసనసభ ఎన్నికల్లో క్యూలో నిలబడి ఓటు వేసింది. రాష్ట్రాన్ని ఎవరు ఏలాలో చెప్పడానికి ఆమె మాట చెల్లింది. తన తండ్రి ఎక్కడున్నాడో తనకు తెలియదని చెప్పడానికి ఆమె మాట చెల్లలేదు.

ఇదంతా చట్టం తెలియని పల్లెటూరి ఆఫీసుల సమస్య అనుకోకండి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి అనీ, 'అతని తరువాత' తల్లి అనీ రాసింది. రచయిత్రి గీతా హరిహరన్ 1984లో కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లు కొనడానికి తానే సంరక్షకురాలిగా సంతకం చేస్తే, తండ్రి సంతకంతో దరఖాస్తు తెమ్మన్నారు, లేదా తల్లి సంరక్షకురాలని అధికారిక పత్రం తెమ్మన్నారు. ఆ తల్లి చదువుకున్నది, పెద్ద నగరంలో ఉన్నది, భర్త ఆమె పక్షానే ఉన్నాడు. అయినా ఆమె సంతకం చెల్లలేదు. ఆమె సుప్రీంకోర్టుకు పోయింది. 1999లో తీర్పు వచ్చింది. 'అతని తరువాత' అంటే తండ్రి చనిపోయిన తరువాతే అని కాదు, తండ్రి బాధ్యత పట్టనప్పుడు, అందుబాటులో లేనప్పుడు కూడా తల్లే సంరక్షకురాలు అని కోర్టు చెప్పింది. 2015లో ఇంకో కేసులో, పెళ్లికాని తల్లి తండ్రి పేరు బయటపెట్టకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని చెప్పింది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నియమాలు మారి, తల్లి పేరో తండ్రి పేరో ఒక్కటి ఇచ్చినా సరిపోతుందన్నారు. 2024 మార్చిలో పక్క రాష్ట్రం మహారాష్ట్ర, ప్రభుత్వ పత్రాల్లో పిల్లల పేరు తరువాత తల్లి పేరు తప్పనిసరి చేస్తూ నిర్ణయం తీసుకుంది.

విదేశం పోవడానికి తల్లి పేరు చాలు. నల్లగొండలో డిగ్రీ చదవడానికి చాలదు!

కులం సర్టిఫికెట్ దగ్గర ఈ కథ ఇంకా కఠినంగా ఉంటుంది. మా మండలంలో ఒక తల్లి ఎస్సీ. ప్రేమించి బీసీ అతన్ని చేసుకుంది. బిడ్డ పుట్టిన ఏడాదికే అతను పోయాడు. బిడ్డ అమ్మమ్మ ఇంట్లో, వాడలో పెరిగింది. బావి దగ్గర, బడిలో, పెళ్లి పందిట్లో ఆ బిడ్డను ఊరు ఏ కులంగా చూసిందో అందరికీ తెలుసు. ఆఫీసులో మాత్రం "తండ్రి కులమే బిడ్డ కులం" అన్నారు. ఊరు తల్లి కులాన్ని బట్టి దూరం పెడుతుంది, ఆఫీసు తండ్రి కులాన్ని బట్టి స్కాలర్‌షిప్ తీసేస్తుంది. అవమానం తల్లి వైపు నుంచి రావాలి, హక్కు మాత్రం తండ్రి వైపు నుంచి రావాలి. ఇదెక్కడి న్యాయం? 2012లో గుజరాత్‌కు చెందిన రమేశ్‌భాయ్ నాయకా కేసులో సుప్రీంకోర్టు ఈ మాటకే జవాబు చెప్పింది. కులాంతర వివాహంలో తండ్రి కులమే బిడ్డదని ముందుగా అనుకోవచ్చు గాని అదే చివరి మాట కాదనీ, ఎస్సీ, ఎస్టీ తల్లి దగ్గర ఆ సమాజంలోనే పెరిగి ఆ కష్టాలే పడ్డానని రుజువు చేసుకునే అవకాశం బిడ్డకు ఉందనీ చెప్పింది. ఆ తీర్పు వచ్చిన నాలుగేళ్లకు, 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయాక, ఒంటిచేత్తో పిల్లల్ని పెంచిన రాధిక వేముల దేశం ముందు నిలబడి తన కులం ఏమిటో, తన బిడ్డలు ఎక్కడ పెరిగారో ఎన్నిసార్లు చెప్పుకోవలసి వచ్చిందో మనమంతా చూశాం. తల్లి మాటను నమ్మకపోవడం ఒక గిర్దావర్ స్వభావం కాదు. అది పైనుంచి కిందిదాకా ఉంది.

ఇక పేర్ల సంగతి. మా ఆడవాళ్ల పేర్లు ఒక్క కాగితంలో ఉన్నట్టు ఇంకో కాగితంలో ఉండవు. ఇంట్లో లచ్చమ్మ, బడి రికార్డులో లక్ష్మమ్మ, ఉపాధి హామీ కార్డులో లక్ష్మి. పుట్టింటి పేరు ఒక కార్డులో, అత్తింటి పేరు ఇంకో కార్డులో. ఈ తేడాలు మేం పెట్టుకున్నవా? పెళ్లితో ఇంటిపేరు మార్చింది సమాజం. నోటితో చెప్పిన పేరును తనకు తోచినట్టు రాసుకున్నది గుమాస్తా. ఆ తప్పు దిద్దుకోవడానికి పని మానుకుని తిరగవలసింది మాత్రం ఆడమనిషి. మగవాడికి పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒకటే ఇంటిపేరు కనుక ఈ బాధ వాళ్లకు అర్థం కాదు.

వేలిముద్ర ఇంకొకటి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టిన తరువాత మీసేవలో వేలిముద్ర వేసి ధ్రువీకరించాలి. సెలవుల్లో, సెలవులు కాని రోజుల్లో కూడా పత్తి ఏరడానికి, మిరపకాయ తెంపడానికి పోయే ఆడపిల్లల వేళ్లు అరిగిపోయి ఉంటాయి. యంత్రం గుర్తుపట్టదు. చేతులు కడుక్కుని రా, నూనె రాసుకుని రా, రేపు రా. ఏ కష్టం చేసినందుకు ఆ పిల్లకు స్కాలర్‌షిప్ అవసరమైందో ఆ కష్టమే ఆమె వేలి మీది గీతలు చెరిపేసింది. ఆ పిల్లను ఇంకో దారిన గుర్తించే పని యంత్రం పెట్టినవాళ్లది, పిల్లది కాదు.

నేను ఈ మాటలంటే ఆఫీసులో పనిచేసే ఒక తమ్ముడు, మంచివాడే, ఇలా అన్నాడు. "అక్కా, కాగితాలు అడగకపోతే దొంగ దరఖాస్తులు వస్తయి. ఉన్నోళ్లు కూడా లేనోళ్లమని రాస్తరు. ప్రభుత్వ సొమ్ము కదా." ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. అసలైన పేదలకు అందాలంటే ఏదో ఒక పరిశీలన ఉండాలి. నేను ఒప్పుకుంటాను. నా ప్రశ్న ఆ పరిశీలన ఎవరు చేయాలన్నది. పదో తరగతి హాల్ టికెట్ నంబరు కొడితే మార్కులు, పుట్టిన తేదీ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో వాటంతట అవే వస్తున్నాయి. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ మీసేవ నంబరు కొడితే కనిపిస్తున్నాయి. రేషన్ కార్డు ఇచ్చింది ప్రభుత్వమే. పింఛను పట్టిక ప్రభుత్వం దగ్గరే ఉంది. మరి రెండు సెట్ల జిరాక్సులెందుకు? కాగితం ఇచ్చేది ప్రభుత్వమే, కాగితం అడిగేదీ ప్రభుత్వమే, ఆ రెండు బల్లల మధ్య పని మానుకుని నడిచేది మాత్రం ఆడవాళ్లు. 2023 డిసెంబరు 9 నుంచి మాకు బస్సు టికెట్టు లేదు. మంచిదే. కానీ పోయిన కూలిని ఏ బస్సు తిరిగి ఇవ్వదు.

పైగా దొంగ దరఖాస్తు పెట్టేవాడికి కాగితాలు కష్టం కాదు. వాడి దగ్గర అన్నీ ఉంటాయి. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, తండ్రి సంతకం, తెలిసిన గుమాస్తా. ఈ జల్లెడలో నుంచి జారిపోయేది వాడు కాదు. మొగుడు వదిలేసినామె బిడ్డ, కులాంతరం చేసుకున్నామె బిడ్డ, పెళ్లి కాకుండా తల్లయినామె బిడ్డ, పత్తి ఏరిన బిడ్డ. ఎవరి కోసమని పథకం పెట్టారో వాళ్లను సరిగ్గా ఏరి బయట పారేసే జల్లెడ ఇది.

ఇన్ని దాటి అర్హత వచ్చినా కథ ముగియదు. కాలేజీకి చేరవలసిన ఫీజు డబ్బు ఏళ్ల తరబడి బకాయి పడుతుంది. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు ఆ బకాయిల కోసం బంద్ పెట్టాయి, ప్రభుత్వంతో మాట్లాడుకుని కొద్దిరోజులకు విరమించాయి. యాజమాన్యాలకు బంద్ పెట్టే బలం ఉంది. చదువు అయిపోయాక, "ప్రభుత్వం ఇంకా కట్టలేదు, నువ్వు కట్టి టీసీ తీసుకుపో" అనిపించుకునే పిల్లకు ఏ బలం ఉంది? ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాలలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సంగతి ఎంతమంది తల్లులకు తెలుసు? టీసీ లేక పై చదువుకు పోలేని మగపిల్లవాడు ఏదో పనిలో చేరి మళ్లీ ప్రయత్నిస్తాడు. ఆడపిల్లకు ఆ ఖాళీ ఏడాదిలో సంబంధం చూస్తారు. బకాయి అనే మాటకు మా ఇళ్లలో అర్థం పెళ్లి.

ఇదంతా దయతో ఇస్తున్నది కదా, ఇచ్చేవాళ్లు నాలుగు కాగితాలు అడిగితే తప్పేమిటని ఇంకొందరు అంటారు. స్కాలర్‌షిప్ దయ కాదు. దళిత విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, దేశానికి స్వతంత్రం రాకముందే మొదలైంది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడుగా ఉన్న అంబేద్కర్ అడిగి, వాదించి తన జనం చదువుకు డబ్బు సాధించిన కాలం అది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాకే మా వంటి ఇళ్ల పిల్లలు ఇంజనీరింగు గడప తొక్కారు. అది మన పన్నుల డబ్బు. తరతరాలుగా బడి గడప బయట నిలబెట్టినందుకు సమాజం తీర్చుకుంటున్న బాకీ. బాకీ తీర్చేవాడు అప్పిచ్చినవాడిని పదకొండు కాగితాలు అడగడం నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు మన మాట మాట్లాడుకుందాం. మనమంటే సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు. ప్రతి జూలైలో మనం టేబులు వేసుకుని కూర్చుంటాం. ఫారాలు నింపుతాం. ఆన్‌లైన్ చేసిపెడతాం. ఇన్ని వందల మందికి సహాయం చేశామని రిపోర్టులో రాస్తాం. నేనూ రాశాను. కానీ ఆ టేబులు దగ్గర కూర్చుని "మీ ఆయన ఆధార్ తెచ్చినవా అమ్మా?" అని గిర్దావర్ అడిగిన ప్రశ్నే నేనూ అడిగాను. తండ్రి సంతకం లేని ఫారాన్ని పక్కన పెట్టాను. ఆఫీసు తిప్పి పంపే శ్రమ లేకుండా నేనే తిప్పి పంపాను. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు దానికి దరఖాస్తు ఎలా పెట్టాలని ఎవరినీ అడగలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్షరం నేర్చుకున్న ఆడవాళ్లు ఆ అక్షరంతో ప్రశ్న అడిగారు. మనం ముప్పై ఏళ్ల తరువాత ఆ అక్షరంతో ఫారాలు నింపుతున్నాం.

2024లో మేం ఒక పని చేసి చూశాం. ఎస్సీ తల్లి, బీసీ తండ్రి అని పైన చెప్పానే, ఆ బిడ్డకు, ఇంకో ఇద్దరు ఒంటరి తల్లుల బిడ్డలకు కలిపి, పన్నెండు మందిమి ఆఫీసుకు పోయాం. తండ్రి సంతకం తేలేదు. దాని బదులు తల్లి రాసిన ప్రమాణ పత్రం, రేషన్ కార్డు, పింఛను మంజూరు కాగితం, ఊళ్లో అయిదుగురి వాంగ్మూలం, 1999, 2012 తీర్పుల కాపీలు తెచ్చాం. "తండ్రి సంతకం కావాలన్నది ఏ జీవోలో ఉందో నంబరు రాసి ఇవ్వండి, లేదంటే దరఖాస్తు ఎందుకు తిరస్కరిస్తున్నారో రాసి ఇవ్వండి" అన్నాం. ఎవరూ రాసి ఇవ్వలేదు. గిర్దావర్ పై అధికారిని అడిగాడు. పై అధికారి ఇంకెవరికో ఫోన్ చేశాడు. మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చున్నాం. వారం తిరక్కుండా రెండు ఆదాయం సర్టిఫికెట్లు తల్లుల పేరు మీద వచ్చాయి. కులం సర్టిఫికెట్‌కు ఇంకా ఎక్కువ పట్టింది, మూడుసార్లు విచారణ జరిగింది, కానీ వచ్చింది.

ఆ రోజు ఇంటికొచ్చి నేను చాలాసేపు మిషను ముందు ఊరికే కూర్చున్నాను. సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ముందు ఏడాది నన్ను ఆపినదానికి ఒక జీవో నంబరు కూడా లేదు. అడిగిందే నియమమని నేను నమ్మాను. ఆ నమ్మకానికి 36,000 రూపాయలు కట్టాను. ప్రతి తల్లీ పన్నెండు మందిని వెంటబెట్టుకుని పోవాలా? పోలేని తల్లి బిడ్డ చదువు మానుకోవాలా? అందుకే ఇది మా మండలంలో గెలిచి ఊరుకునే విషయం కాదు. మనం అడగవలసినవి ఇవి:

1. ఒంటరిగా బిడ్డను పెంచుతున్న తల్లి తన ఆదాయం మీద ప్రమాణ పత్రం ఇస్తే ఆదాయం సర్టిఫికెట్ ఆమె పేరునే ఇవ్వాలి. భర్త ఆధార్, సంతకం, విడాకుల డిక్రీ అడగరాదని రాష్ట్రమంతటికీ వర్తించే జీవో రావాలి.

2. తల్లి కులాన్ని బట్టి కులం సర్టిఫికెట్ అడిగిన బిడ్డల దరఖాస్తులను 2012 తీర్పు ప్రకారం విచారించాలి. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం కింద పనిచేసే ప్రతి అధికారికీ ఆ తీర్పు తెలుగులో పంపాలి.

3. ప్రభుత్వం దగ్గర ఉన్న కాగితాన్ని ప్రభుత్వమే చూసుకోవాలి. విద్యార్థిని అడగరాదు.

4. తిరస్కరిస్తే కారణం, నియమం నంబరు రాసి, సంతకం చేసి ఇవ్వాలి. నోటిమాటతో తిప్పి పంపడం నేరంగా చూడాలి.

5. వేలిముద్ర పడని పిల్లకు అదే రోజు ఇంకో దారి చూపాలి.

6. ప్రభుత్వం బాకీ ఉన్న ఫీజుకు విద్యార్థిని సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ మీద చర్య తీసుకోవాలి.

జీవో వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం కనుక, జూలై రాకముందే ప్రతి సంఘం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తల్లి పేరు, బిడ్డ పేరు అన్ని కార్డుల్లో ఎలా ఉందో ఏప్రిల్, మే నెలల్లోనే పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అప్పుడే దిద్దించండి. పింఛను మంజూరు కాగితం, రేషన్ కార్డు, కోర్టు కేసు కాగితాలు ఒక కవరులో పెట్టండి, అవన్నీ తల్లి ఒంటరిగా సంసారం ఈదుతోందనడానికి సాక్ష్యాలు. ఒరిజినల్ ఎక్కడ ఇచ్చినా రసీదు రాయించుకోండి. మీసేవ రసీదు, దాని మీది తేదీ జాగ్రత్త. ఏ ఆఫీసుకూ ఒక్కరే పోకండి. తండ్రి సంతకం అడిగితే ఏ నియమమో రాసి ఇవ్వమనండి. అన్నిటికన్నా ముఖ్యం, మన టేబులు దగ్గర మనం ఆ ప్రశ్న అడగడం మానేద్దాం.

మా అమ్మాయి చదువు ఆగలేదు. నా కేసు మాత్రం ఆగిపోయింది. వకీలును మళ్లీ కలిశాను, కొత్తగా పిటిషన్ వేస్తే పాత ఏడాది డబ్బు రావడం కష్టమన్నాడు, ముందుకు వచ్చేదానికి వేద్దామన్నాడు. వేస్తున్నాను. ఈసారి దరఖాస్తు మా అమ్మాయే రాసింది. కింద సంతకం నేను చేశాను.

మీ ఊళ్లో తండ్రి సంతకం లేక ఆగిపోయిన ఫారాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఈ పత్రికకు రాయండి. పేర్లు వద్దు. ఏ కాగితం దగ్గర ఆగిందో, ఎవరు ఏమన్నారో, రాసి ఇవ్వమంటే ఏం చేశారో రాయండి. అన్నీ కలిపి సెక్రటేరియట్‌కు మనమే మోసుకుపోదాం. వాళ్లకు కాగితాలంటే ఇష్టం కదా.